బ్రిటన్ కీటకాలు: ఫీల్డ్ గైడ్ల బొమ్మలు ఎలా గీస్తారు, ఫొటోల కాలంలోనూ అవి ఎందుకు అవసరం?

వేసవిలో దక్షిణ ఇంగ్లండ్ గడ్డిమైదానాల్లో రెండు రకాల చిన్న సీతాకోకచిలుకలు ఎగురుతుంటాయి. రెండూ నారింజ రంగులోనే ఉంటాయి, పరిమాణం కూడా దాదాపు ఒకటే. గడ్డిపోచల మీద వాలే తీరులోనూ తేడా కనిపించదు. ఒకదాని పేరు స్మాల్ స్కిప్పర్, రెండోది ఎసెక్స్ స్కిప్పర్. వీటిని వేరుచేసే ప్రధాన ఆనవాలు తల మీది స్పర్శశృంగాల కొనల్లో ఉంది. స్మాల్ స్కిప్పర్‌లో ఆ కొన అడుగు భాగం నారింజ గోధుమ రంగులో ఉంటుంది. ఎసెక్స్ స్కిప్పర్‌లో సిరాలో ముంచి తీసినట్లు నల్లగా ఉంటుంది.

సీతాకోకచిలుకలను సేకరించడం బ్రిటన్‌లో 17వ శతాబ్దం నుంచీ ఉన్న వ్యాపకం. అయినా ఈ రెండు జాతులు వేర్వేరని అక్కడివారు గుర్తించింది 1889లో. అంతవరకు ఎసెక్స్ స్కిప్పర్ కళ్లెదుటే ఎగురుతున్నా, మరో జాతి పేరుతోనే చెలామణీ అయింది. ఎక్కడ చూడాలో చెప్పేవారు లేకపోవడమే అందుకు కారణం.

నేడు పదేళ్ల పిల్లవాడు సైతం ఒక చిన్న పుస్తకం చేతపట్టుకుని ఆ తేడాను పోల్చుకోగలుగుతున్నాడు. ఆ పుస్తకాన్నే ఫీల్డ్ గైడ్ అంటారు. పిల్లవాడి చూపును స్పర్శశృంగం కొన మీదికి తీసుకెళ్లేది అందులోని బొమ్మ. ఆ బొమ్మ వెనుక సుమారు మూడు వందల ఏళ్ల పరిశీలన, శ్రమ, పొరపాట్లు, దిద్దుబాట్లు ఉన్నాయి.

ఫీల్డ్ గైడ్ అంటే ఏమిటి?

పొలంలోనో అడవిలోనో తోటలోనో కనిపించిన జీవిని అక్కడికక్కడే గుర్తించడానికి ఉపయోగపడే పుస్తకం ఫీల్డ్ గైడ్. సంచిలో పట్టాలి, వానకు తట్టుకోవాలి, వెతికిన పేజీ వెంటనే దొరకాలి. అమెరికన్ చిత్రకారుడు రోజర్ టోరీ పీటర్సన్ 1934లో పక్షుల మీద వెలువరించిన పుస్తకం ఈ తరహా గ్రంథాలకు ఒరవడి పెట్టింది. పోలికలున్న పక్షులను ఒకే పేజీలో, ఒకే భంగిమలో గీసి, ముఖ్యమైన ఆనవాళ్ల వైపు చిన్న గీతలతో చూపించడం ఆయన పద్ధతి.

పక్షులకు సరిపోయిన ఈ పద్ధతిని కీటకాలకు వర్తింపజేయడం అంత సులభం కాదు. అన్నిటికన్నా ముందు ఎదురయ్యేది సంఖ్య. బ్రిటన్‌లో సుమారు 24 వేల కీటక జాతులు ఉన్నాయని అంచనా. వాటిలో సీతాకోకచిలుకలు 60కి లోపే. రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే శలభాలు మాత్రం దాదాపు 2,500 జాతులు. పెంకు పురుగులు 4 వేలు, ఈగల జాతికి చెందినవి సుమారు 7 వేలు ఉంటాయి.

రెండో చిక్కు రూపాంతరం. ఒకే జీవి గుడ్డుగా, గొంగళిపురుగుగా, ప్యూపాగా, రెక్కల కీటకంగా నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. కొన్ని జాతుల్లో ఆడదానికీ మగదానికీ పోలికే ఉండదు. మరికొన్నిటిలో ఒకే జాతికి రెండు మూడు రంగులుంటాయి. పెప్పర్డ్ మాత్ అనే శలభం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్లుండే ఈ శలభంలో, 1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లనిది కనిపించింది. బొగ్గు పొగతో చెట్లు నల్లబడిన పారిశ్రామిక ప్రాంతాల్లో ఆ నల్ల రూపమే ఎక్కువైంది. గాలి శుభ్రపడ్డాక మళ్లీ అరుదైపోయింది. ఈ రెండు రూపాలనూ పక్కపక్కన గీసి, రెండూ ఒకే జాతి అని చెప్పే బాధ్యత చిత్రకారుడిదే.

రాగిరేకుల కాలం

కీటకాన్ని తీరిగ్గా చూసి గీసే సంప్రదాయానికి బ్రిటన్‌లో గొప్ప ఆరంభం 1665లో వెలువడిన రాబర్ట్ హుక్ గ్రంథం ‘మైక్రోగ్రాఫియా’. సూక్ష్మదర్శినిలో చూసిన మిడుతీగనూ కాదు, సీతాకోకచిలుకనూ కాదు, మనిషిని కుట్టే గోమారి వంటి చిన్న ఫ్లీ పురుగును హుక్ దాదాపు 18 అంగుళాల పొడవున, మడత పేజీ మీద ముద్రించారు. ఆవగింజంత ప్రాణికి కవచం, వెంట్రుకలు, కీళ్లు ఉంటాయని పాఠకులకు ఆ బొమ్మ చూపించింది.

ఆ తర్వాతి శతాబ్దంలో కీటకాల చిత్రణ చిత్రకారుల చేతికి వచ్చింది. ఎలియాజర్ ఆల్బిన్ 1720లో ఇంగ్లండ్ కీటకాల మీద నూరు రాగిరేకు చిత్రాలతో పుస్తకం తెచ్చారు. కీటకాన్ని అది తినే మొక్కతో కలిపి గీయడం ఆయన పుస్తకంలో కనిపిస్తుంది. ఇది అలంకారం కోసం చేసినది కాదు. ఏ ఆకు మీద వెతికితే ఏ పురుగు దొరుకుతుందో పాఠకుడికి తెలియాలి.

మోజెస్ హారిస్ రచించిన ‘ది ఆరేలియన్’ 1766లో వెలువడింది. సీతాకోకచిలుకల ప్రియులను ఆనాడు ఆరేలియన్లు అనేవారు. లండన్‌లో వారికొక సంఘం ఉండేది. 1748లో కార్న్‌హిల్ ప్రాంతంలో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఆ సంఘం సేకరణలు, పుస్తకాలు కాలి బూడిదయ్యాయి. సేకరించిన కీటకం అగ్గికీ చెదలుకూ ఆహుతి కావచ్చు గానీ, అచ్చయిన బొమ్మకు వందల ప్రతులుంటాయని ఆ ఘటన గుర్తుచేస్తుంది. హారిస్ రంగుల గురించి లోతుగా ఆలోచించిన మనిషి. ఎరుపు, పసుపు, నీలం నుంచి మిగిలిన రంగులు ఎలా పుడతాయో చూపే రంగుల చక్రాన్ని ఆయన ప్రచురించారు. కీటకం రెక్క మీది రంగును కాగితం మీదికి తేవాలంటే ఎదురయ్యే ఇబ్బంది ఆయనకు అనుభవంలో ఉన్నదే.

ఆ కాలపు ముద్రణ పద్ధతి ఎంతో శ్రమతో కూడినది. ముందు రాగిరేకు మీద గీతలు చెక్కాలి. సిరా పూసి కాగితం మీద నల్లని గీతలుగా అచ్చు వేయాలి. ఆపై ప్రతి ప్రతికీ విడివిడిగా చేతితో రంగులద్దాలి. ఆ పని చేసినవారిలో చాలామంది పేర్లు పుస్తకాల్లో ఎక్కడా ఉండవు. రంగులద్దే చేయి మారితే రంగు ఛాయ మారుతుంది కనుక, ఒకే పుస్తకం రెండు ప్రతుల్లో ఒకే కీటకం రెండు రకాలుగా కనిపించేది.

ఎడ్వర్డ్ డోనవన్ 1792 నుంచి 1813 వరకు బ్రిటన్ కీటకాల మీద 16 సంపుటాలు వెలువరించారు. 1800లో ఆయన భారతదేశపు కీటకాల మీద కూడా చిత్రాలతో ఒక పుస్తకం తెచ్చారు. ఇంత పని చేసిన డోనవన్ 1837లో పేదరికంలో మరణించారు.

ఈ పరంపరలో శిఖరం వంటివారు జాన్ కర్టిస్. 1824 నుంచి 1839 వరకు సాగిన ఆయన ‘బ్రిటిష్ ఎంటమాలజీ’ 16 సంపుటాల్లో 770 చిత్ర ఫలకాలు ఉన్నాయి. ప్రతి ఫలకంలో ఒక కీటకం, ఒక మొక్క ఉంటాయి. వాటితో పాటు కీటకం నోటి భాగాలు, కాళ్లు వంటివి విడదీసి పెద్దవిగా గీసిన చిన్న బొమ్మలు ఉంటాయి. ఆ గీతల్లోని కచ్చితత్వం నేటికీ నిపుణులను ఆకట్టుకుంటుంది. కర్టిస్ తర్వాత పంటలను నాశనం చేసే పురుగుల మీద దృష్టి పెట్టి 1860లో ‘ఫార్మ్ ఇన్‌సెక్ట్స్’ ప్రచురించారు. సంపన్నుల బల్లల మీది బొమ్మ అలా రైతుకు పనికొచ్చే బొమ్మ అయింది. సూక్ష్మ చిత్రణకు జీవితాన్ని ధారపోసిన కర్టిస్ చివరి సంవత్సరాల్లో చూపు కోల్పోయారు.

గుడ్డు నుంచి రెక్కల దాకా

ఫ్రెడరిక్ విలియం ఫ్రోహాక్ తీసుకున్న మార్గం వేరు. చచ్చిన కీటకాన్ని చూసి గీస్తే సగం కథే తెలుస్తుందని ఆయన భావించారు. బ్రిటన్ సీతాకోకచిలుకలను గుడ్డు దశ నుంచి స్వయంగా పెంచుతూ, ప్రతి దశనూ గీస్తూ రెండు దశాబ్దాలకు పైగా శ్రమించారు. ఆ కృషి 1924లో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. ఈ వ్యాపకం ఆయనకు ఎంత ప్రాణమంటే, సిల్వర్ వాష్డ్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకలోని ఒక అరుదైన రూపం పేరు వాలెజీనా అయితే, కుమార్తెకు అదే పేరు పెట్టుకున్నారు.

ఫ్రోహాక్‌ను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక. దాని గొంగళిపురుగు మొదటి కొన్ని వారాలు థైమ్ మొక్క పూలు తింటుంది. ఆపై నేల మీదికి జారి కనిపించకుండా పోతుంది. తర్వాతి దశలను గీయాలంటే అది ఎక్కడికి పోతుందో తెలియాలి. 1915 ప్రాంతంలో చాప్‌మన్, పర్‌ఫాయ్, ఫ్రోహాక్‌ల పరిశీలనలతో ఆ గుట్టు వీడింది. ఎర్రచీమలు ఆ పురుగును తమ పిల్లగా భ్రమించి పుట్టలోకి మోసుకుపోతాయి. అది అక్కడే ఉంటూ చీమల పిల్లలనే తిని పెరుగుతుంది.

ఆ తెలివిడి ఒక్కటే ఆ జాతిని కాపాడలేకపోయింది. 1979లో లార్జ్ బ్లూ బ్రిటన్‌లో అంతరించిపోయింది. దానికి ఏ ఎర్రచీమ అయినా సరిపోదని, ప్రత్యేకంగా ఒక్క చీమ జాతి కావాలని, ఆ చీమ బతకాలంటే పశువులు మేసి పొట్టిగా ఉంచిన వెచ్చని పచ్చిక అవసరమని శాస్త్రవేత్త జెరెమీ థామస్ 1970లలో నిర్ధారించారు. ఆ అవగాహనతో 1983 నుంచి స్వీడన్ నుంచి తెచ్చిన సంతతిని తిరిగి ప్రవేశపెట్టారు. అదే జెరెమీ థామస్ రచనకు రిచర్డ్ లెవింగ్‌టన్ చిత్రాలు తోడై, బ్రిటన్, ఐర్లండ్ సీతాకోకచిలుకల మీద 1991లో ఒక పుస్తకం వచ్చింది. ఒకరిది పచ్చికలో పరిశోధన, మరొకరిది కుంచె. ఇలాంటి జంటలే నేటి ఫీల్డ్ గైడ్లకు ఆధారం.

సికింద్రాబాద్ దోమ, లండన్ చిత్రకారుడు

రెక్క మీది మచ్చ ఎంత ముఖ్యమో తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశోధన కూడా చెబుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. అంతకుముందు ఆయన పరీక్షించిన ఇతర రకాల దోమల్లో ఫలితం రాలేదు. ఫలితమిచ్చిన దోమకు శాస్త్రీయ నామం ఏమిటో రాస్‌కు తెలియదు. అందుకే దానిని మచ్చల రెక్కల దోమ అని వర్ణించారు. అదే అనాఫిలిస్. పేరు తెలియనప్పుడు ఆనవాలే పేరైంది.

ఆ సిద్ధాంతాన్ని మనుషుల మీద పరీక్షించిన ప్రయోగంలో ఒక చిత్రకారుడు పాల్గొన్నారు. 1900లో ఇటలీలోని రోమ్ సమీపాన, మలేరియా తీవ్రంగా ఉండే చిత్తడి ప్రాంతంలో వైద్యులు సాంబన్, లో లతో కలిసి అమెడియో టెర్జీ ఒక గుడిసెలో గడిపారు. దోమలు చొరబడకుండా దానికి వలలు బిగించారు. పొద్దు గుంకే ముందే లోపలికి వెళ్లడం, తెల్లవారాకే బయటికి రావడం వారు పాటించిన నియమం. వారిలో ఎవరికీ మలేరియా సోకలేదు.

టెర్జీ ఆపై లండన్‌లోని సహజ చరిత్ర మ్యూజియం కోసం దశాబ్దాల పాటు ఈగలు, దోమల చిత్రాలు గీశారు. బ్రిటన్‌లో రక్తం పీల్చే ఈగల మీద 1906లో వెలువడిన పుస్తకంలోని రంగుల ఫలకాలు ఆయనవే. తల కిందికి, తోక పైకి ఏటవాలుగా వాలేది అనాఫిలిస్ అని, గోడకు సమాంతరంగా వాలేది క్యూలెక్స్ అని మన బడి పుస్తకాల్లో చదువుకున్న తేడా కూడా ఇటువంటి చిత్రణ ద్వారానే జనంలోకి వెళ్లింది. కీటకం వాలే భంగిమ కూడా ఒక ఆనవాలే. ఈ సంగతి శలభాల విషయంలో మళ్లీ ముందుకు వస్తుంది.

ఒక బొమ్మ ఎలా తయారవుతుంది?

చిత్రకారుడు ముందుగా చేసే పని పోల్చి చూడడం. మ్యూజియాల సొరుగుల్లో ఒకే జాతికి చెందిన పదుల కొద్దీ నమూనాలు సూదులకు గుచ్చి ఉంటాయి. లండన్ సహజ చరిత్ర మ్యూజియం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియం సేకరణలు ఇందుకు పేరుపడ్డవి. వాటిలో ఒకటి మరీ ముదురు రంగులో, మరొకటి మరీ చిన్నదిగా ఉండవచ్చు. అన్నిటినీ చూశాక ఆ జాతిలో మారనిది ఏది, మారేది ఏది అని నిర్ణయించుకోవాలి. కాగితం మీదికి వచ్చే కీటకం ఏ ఒక్కదానికీ నకలు కాదు. పదింటి సారాంశం అది.

తర్వాత కొలతలు. రెక్క పొడవు, వెడల్పు, నరాల అమరిక, మచ్చల మధ్య దూరం కొలుస్తారు. చిన్న కీటకాలైతే సూక్ష్మదర్శిని కింద ఉంచి చూస్తారు. కంటి కటకంలో గళ్లు అమర్చి ఉంటే, ఆ గళ్ల లెక్కన కాగితం మీద పెద్దదిగా గీయడం తేలిక. అసలు పరిమాణం కన్నా పెద్దదిగా గీసి, ముద్రణలో తగ్గించడం ఆనవాయితీ. పెన్సిల్ గీత సరిపోయిందని తేలాకే మంచి కాగితం మీదికి ఎక్కించి నీటిరంగులు, గువాష్ రంగులు వేస్తారు. వెలుతురు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్లు చూపడం చాలాకాలంగా ఉన్న కట్టుబాటు. అన్ని బొమ్మలకూ ఒకే వెలుతురు ఉంటే పోలిక సులభమవుతుంది.

రంగు దగ్గర మాత్రం నమూనాను నమ్మడానికి వీల్లేదు. తూనీగ చనిపోయిన కొద్దిసేపటికే దాని దేహంలోని నీలం, పసుపు మసకబారి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎమరాల్డ్ జాతి శలభాల లేత ఆకుపచ్చ కాలం గడిచే కొద్దీ వెలిసిపోతుంది. కాబట్టి ఆకారం కోసం చచ్చినదాన్ని, రంగు కోసం బతికున్నదాన్ని చూడాల్సిందే. పర్పుల్ ఎంపరర్ అనే మగ సీతాకోకచిలుక విషయం ఇంకా కష్టం. దాని ఊదా రంగు ఏ వర్ణద్రవ్యం వల్లా వచ్చింది కాదు. రెక్క పొలుసుల నిర్మాణం వెలుతురును వెనక్కి పంపే తీరులో అది పుడుతుంది. ఒక కోణంలో మెరుస్తుంది, మరో కోణంలో నల్లగా కనిపిస్తుంది. ఏ కోణాన్ని ఎంచుకున్నా కొంత నిజం వదులుకోక తప్పదు.

ఫొటో ఉండగా బొమ్మ ఎందుకు?

ప్రతి చేతిలో కెమెరా ఉన్న రోజుల్లో ఇది సహజమైన ప్రశ్న. ఫొటోలతో వచ్చే గైడ్లు కూడా మంచివి ఉన్నాయి, వాటికి ఆదరణా ఉంది. అయితే ఫొటోలో కనిపించేది ఒక కీటకం, ఒక క్షణం, ఒక వెలుతురు. ఎండ ఎక్కువైతే రంగు పాలిపోతుంది. ఆకు నీడ పడితే మచ్చ మాయమవుతుంది. రెక్క చిరిగిన కీటకం దొరికితే అదే ఫొటోలో ఉంటుంది.

బొమ్మలో ఇరవై జాతులను ఒకే పరిమాణ నిష్పత్తిలో, ఒకే వైపు తిప్పి, ఒకే వెలుతురులో పక్కపక్కన ఉంచవచ్చు. అప్పుడు కన్ను తేడాను తనంతట తానే పట్టుకుంటుంది. ముఖ్యమైన ఆనవాలు ఎక్కడా మరుగున పడదు. ఆ వెసులుబాటుతో పాటు ప్రమాదమూ ఉంది. ఫొటోలో తప్పు ఉంటే అది కెమెరా పరిమితి. బొమ్మలో ఒక గీత ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఆ పుస్తకం చదివిన వేలమంది అదే తప్పు చేస్తారు. అందుకే రచయిత, నిపుణుడు, చిత్రకారుడు ముగ్గురూ చూసి ఒప్పుకున్నాకే బొమ్మ అచ్చుకు వెళ్లాలి.

రెక్కలు ముడుచుకున్న శలభం

ఇటీవలి కాలంలో ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పు శలభాల భంగిమకు సంబంధించినది. పాత పుస్తకాల్లో శలభాలన్నీ నాలుగు రెక్కలూ పూర్తిగా పరచి, సూదికి గుచ్చినట్లు కనిపించేవి. 1984లో బెర్నార్డ్ స్కిన్నర్ తెచ్చిన ప్రామాణిక గ్రంథంలోని రంగుల ఫొటోలూ అటువంటి నమూనాలవే. శలభాన్ని చంపి, ఆరబెట్టి, రెక్కలు పరచినవారికి ఆ పుస్తకం ఎంతో ఉపయోగపడింది. ప్రాణంతో ఉన్నదాన్ని చూసేవారికి మాత్రం చిక్కే. చాలా శలభాలు అలా రెక్కలు చాచి కూర్చోవు.

2003లో పాల్ వేరింగ్, మార్టిన్ టౌన్‌సెండ్ రచనతో, రిచర్డ్ లెవింగ్‌టన్ చిత్రాలతో బ్రిటన్, ఐర్లండ్ శలభాల ఫీల్డ్ గైడ్ వచ్చింది. అందులో శలభాలు వాలి విశ్రాంతి తీసుకుంటున్న సహజ భంగిమలో ఉన్నాయి. బఫ్ టిప్ అనే శలభం రెక్కలు దేహానికి చుట్టుకుని వాలితే విరిగిన బిర్చ్ పుల్ల ముక్కలా ఉంటుంది. రెక్కలు పరచి గీస్తే ఆ పోలిక పూర్తిగా పోతుంది. యాంగిల్ షేడ్స్ అనేది రెక్కలను ముడతలు పెట్టుకుని ఎండుటాకులా కనిపిస్తుంది. అది కూడా సహజ భంగిమలోనే తెలుస్తుంది.

ఈ మార్పు ఫలితం పుస్తకాన్ని దాటి వెళ్లింది. ఇంటి పెరట్లో రాత్రి దీపపు పెట్టె పెట్టి, అందులో శలభాలు దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు ఉంచి, ఉదయం ఒక్కొక్కదాన్నీ పుస్తకంతో పోల్చి, పేరు రాసుకుని, వదిలేయడం మామూలు గృహస్థులకు సాధ్యమైంది. చంపకుండానే గుర్తించవచ్చునన్న నమ్మకం కుదిరింది. 2012లో ఫిల్ స్టెర్లింగ్, మార్క్ పార్సన్స్ రచనకు లెవింగ్‌టన్ చిత్రాలతోనే సూక్ష్మ శలభాల గైడ్ వెలువడింది. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే ఆ ప్రాణులు అంతవరకు ఎక్కువగా నిపుణుల పరిధిలోనే ఉండేవి.

ఈగ, కందిరీగ, తేనెటీగ

పువ్వు మీద నలుపు, పసుపు చారలతో కనిపించిందల్లా కందిరీగ కాదు. గాలిలో ఒకేచోట నిలిచి ఎగరగలిగే హోవర్‌ఫ్లై అనే ఈగలు కూడా ఆ వేషం వేస్తాయి. కుట్టలేని ఈగకు ఆ చారలే రక్షణ. కందిరీగకు నాలుగు రెక్కలుంటే, ఈగకు రెండే ఉంటాయి. బ్రిటన్ హోవర్‌ఫ్లైల మీద 1983లో అలన్ స్టబ్స్, స్టీవెన్ ఫాక్‌లు వెలువరించిన పుస్తకంలోని ఫలకాలను యువకుడిగా ఉన్న ఫాక్ చిత్రించారు. అంతకుముందు కొద్దిమందికే పరిచయమున్న ఈ ఈగల పట్ల ఆ పుస్తకం ఎందరికో ఆసక్తి కలిగించింది.

ఆ ఫాక్ మూడు దశాబ్దాల తర్వాత, 2015లో, బ్రిటన్, ఐర్లండ్ తేనెటీగల మీద ఫీల్డ్ గైడ్ రాశారు. ఈసారి బొమ్మలు లెవింగ్‌టన్‌వి. తేనెటీగ అనగానే తేనెపట్టు గుర్తొస్తుంది గానీ, బ్రిటన్‌లోని 270కి పైగా తేనెటీగ జాతుల్లో పట్టు పెట్టి తేనె నిల్వచేసేది ఒక్కటే. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం నేలలోనో పుల్లల్లోనో ఒంటరిగా గూడు కట్టుకునేవి. పంటల పరాగ సంపర్కంలో వాటికీ భాగముంది. వాటికి పేర్లు పెట్టి పిలవగలిగినప్పుడే వాటి బాగోగులు పట్టించుకోవడం సాధ్యమవుతుంది.

బొమ్మకు అందనివి

ఎంత గొప్ప చిత్రకారుడైనా చేతులెత్తేయాల్సిన జాతులున్నాయి. గ్రే డాగర్, డార్క్ డాగర్ అనే రెండు శలభాలు పెద్దయ్యాక పైకి చూసి వేరుచేయడం సాధ్యం కాదు. జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించాల్సిందే. విచిత్రమేమంటే వాటి గొంగళిపురుగులు మాత్రం స్పష్టంగా వేరుగా ఉంటాయి. అన్ని దశలనూ గీయాలన్న ఫ్రోహాక్ పట్టుదలకు ఇదొక సమర్థన.

ఐర్లండ్‌లోని వుడ్ వైట్ సీతాకోకచిలుక కథ మరింత ఆసక్తికరం. ఒకటే అనుకున్న జాతిలో రెండు ఉన్నాయని ముందు తెలిసింది. ఆ రెండోది ఏ జాతి అన్నది 2011లో జన్యు పరీక్షలతో తేలి, క్రిప్టిక్ వుడ్ వైట్ అన్న పేరు స్థిరపడింది. రెక్కల మీద నమ్మదగిన తేడా ఏదీ లేదు. ఇటువంటి చోట పైకి చూసి తేల్చలేమని స్పష్టంగా రాయడమే మంచి గైడ్ లక్షణం. తెలియనిదాన్ని తెలిసినట్లు చూపే బొమ్మ కన్నా ఆ ఒక్క వాక్యం విలువైనది.

లెక్కకు ఆధారం

ఇంత సూక్ష్మమైన గుర్తింపు వల్ల ఒనగూరేదేమిటి? బ్రిటన్‌లో సీతాకోకచిలుకలను ఏటా ఒకే దారి వెంట నడుస్తూ లెక్కించే జాతీయ పథకం 1976లో మొదలైంది. రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం 1968 నుంచి దేశమంతటా దీపపు ఉచ్చులతో శలభాలను లెక్కిస్తోంది. శలభాల నమోదుకు 2007లో జాతీయ పథకం ఆరంభమైంది. వీటిలో పాల్గొనేవారిలో అత్యధికులు జీతం లేని ఔత్సాహికులే. 2019లో వెలువడిన పెద్ద శలభాల అట్లాస్‌కు రెండున్నర కోట్లకు పైగా నమోదులు ఆధారమయ్యాయి.

ఆ లెక్కలు చెప్పిన సంగతి కలవరపరిచేదే. 1968 నుంచి 2017 వరకు బ్రిటన్‌లో పెద్ద శలభాల సంఖ్య 33 శాతం తగ్గిందని 2021 నివేదిక వెల్లడించింది. దక్షిణాన ఆ తగ్గుదల 39 శాతం, ఉత్తరాన 22 శాతం. సీతాకోకచిలుకల్లో 80 శాతం జాతులు 1976 నుంచి సంఖ్యలోనో, విస్తృతిలోనో, రెండిటిలోనో తగ్గాయని 2022 నివేదిక తెలిపింది. పిచ్చుకలు, గబ్బిలాలు, హెడ్జ్‌హాగ్‌లు తినేది ఈ కీటకాలనే. కాబట్టి ఈ నష్టం కీటకాలతో ఆగదు.

ఆ నమోదుల్లో ప్రతి ఒక్కటీ ఒక మనిషి ఒక కీటకాన్ని చూసి, పుస్తకంలోని బొమ్మతో పోల్చి, ఇది ఫలానా అని నిర్ణయించుకున్న క్షణంతో మొదలైంది. పోల్చుకోవడంలో తప్పు జరిగితే నమోదు తప్పవుతుంది. తప్పులు పెరిగితే తగ్గుతున్న జాతి పెరుగుతున్నట్లు కనిపించవచ్చు. అందుకే ఆయా ప్రాంతాల్లో అనుభవజ్ఞులు వాటిని పరిశీలించి ఆమోదిస్తారు. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు నేడు వచ్చాయి. అవి నేర్చుకున్నదీ మనుషులు పేరు నిర్ధారించిన చిత్రాల నుంచే. ఆ మనుషులలో చాలామంది చూపుకు పదును పెట్టినది ఫీల్డ్ గైడ్లే.

నల్లని కొన ఉన్న స్కిప్పర్ 1889కి ముందూ బ్రిటన్ గడ్డిలో ఎగిరింది. పేరు లేదు కాబట్టి దాని మంచిచెడ్డలు ఎవరి లెక్కలోకీ రాలేదు. అప్పట్లో అది అంతరించి ఉంటే, అలాంటిది ఒకటి ఉండేదని కూడా అక్కడివారికి తెలిసేది కాదు. స్పర్శశృంగం కొనకు నల్లరంగు అద్దే చిత్రకారుడి చేతిలో ఉన్న బాధ్యత అదే.